పాత ఇంట్లో గదుల మరమ్మతు: చెమ్మ పట్టిన గోడతో ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతగోడ (ప్రశ్న):
మా ఇల్లు కట్టి 50 ఏళ్లు దాటింది. రెండు పడకగదులనూ, వాటిని ఆనుకొని ఉన్న స్నానాలగదినీ బాగు చేయించాలనుకుంటున్నాము. స్నానాలగది వైపు గోడకు నేల నుంచి సుమారు 3 అడుగుల ఎత్తు వరకు రంగు పొంగి పెచ్చులు ఊడుతున్నాయి. చేత్తో తడిమితే తెల్లని ఉప్పు పొడి రాలుతోంది. రెండేళ్ల కిందట ఆ భాగానికి సిమెంటు పూత వేయించి, లప్పం పెట్టించి, రంగు వేయిస్తే ఏడాది తిరగకముందే మళ్లీ ఇదే పరిస్థితి వచ్చింది. రెండు పడకగదుల మధ్య ఉన్న గోడను తీసివేసి ఒకే పెద్ద గది చేయాలనే ఆలోచన కూడా ఉంది. ఇలాంటి ఇల్లు బాగు చేయించుకున్నవారు ముందు ఏ పని చేయించారో దయచేసి చెప్పండి.

తడిమన్ను:
మీ గోడను చూడకుండా కారణం చెప్పడం సరికాదు కానీ, నీరు ఎటునుంచి వస్తోందో తేలేదాకా ఆ గోడమీద ఏ పూతా వేయించకండి అని మాత్రం గట్టిగా చెప్పగలను. పునాది దగ్గర చెమ్మను ఆపే పొర లేని పాత గోడలు నేలలోని తేమను పైకి పీల్చుకుంటాయి. ఆ నీటిలో కరిగిన లవణాలు గోడ పైపొర దాకా వచ్చి, నీరు ఆరిపోయాక గడ్డకట్టి, రంగునూ పూతనూ బయటికి నెడతాయి. మీకు కనిపిస్తున్న తెల్లపొడి అదే. మీ గోడ గారసున్నంతో కట్టినదైతే సిమెంటు పూత మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. సున్నపు పూత తేమను బయటికి పోనిస్తుంది. సిమెంటు దానిని లోపలే బంధిస్తుంది కనుక చెమ్మ ఇంకా పైకి ఎక్కి కొత్తచోట తేలుతుంది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. పడకగది వెనుకగోడ అయిదేళ్లపాటు ఇలాగే ఉండేది, మూడుసార్లు రంగు వేయించాము. చివరికి బయటికి వెళ్లి చూస్తే, ఏళ్ల తరబడి మొక్కల కోసం పోస్తూ వచ్చిన మట్టి గది నేలమట్టానికి జానెడు పైకి చేరి ఉంది. ఆ మట్టి తీసివేయించి, గోడ వెంట నీరు నిలవకుండా వాలు పెట్టించి, లోపలి సిమెంటు పూతను చెమ్మ గుర్తుకు ఒక అడుగు పైదాకా చెక్కించి గోడను అలాగే వదిలేశాము. ఆరడానికి చాలా నెలలు పట్టింది. ఆ నెలలు బోసిగోడను చూస్తూ ఉండడం కష్టమే అయినా, ఆ తరువాత వేయించిన సున్నపు పూత ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఒక చిన్న పరీక్ష మీరే చేయవచ్చు. ప్లాస్టిక్ కాగితం ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. కాగితానికి గోడ వైపున నీటిబొట్లు పడితే తేమ గోడలోనుంచి వస్తున్నట్టు. గది వైపున పడితే గాలి ఆడని గదిలోని ఆవిరి చల్లబడి చేరుతున్నట్టు.

కొత్తరంగు:
మాకు చెమ్మను ఆపే రంగు రెండు చేతులు వేస్తే సరిపోయింది. అంత ఓపిక అందరికీ ఉండదు కదా.

తడిమన్ను:
మీ గోడకు పట్టినది గదిలోని ఆవిరి అయి ఉంటే అది సరిపోవచ్చు. గోడలోనుంచి ఉప్పు తేలుతున్నచోట మాత్రం అలాంటి రంగు వెనుక నీరు నిలిచి, పొరంతా ఒకేసారి ఊడివస్తుంది.

నీళ్లపైపు:
అది స్నానాలగది గోడ అన్న సంగతి మరువకండి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, నీళ్ల మీటరు ఉంటే అంకె రాసుకొని, రెండు మూడు గంటల తరువాత మళ్లీ చూడండి. అంకె కదిలితే ఎక్కడో నీరు కారుతోందన్నమాట. పాత ఇనుప పైపులు పైకి బాగున్నట్టే కనిపిస్తాయి కానీ, లోపల తుప్పు పట్టి అతుకుల దగ్గర నెమ్మదిగా కారుతుంటాయి. పైపులు మార్చిస్తే టైల్స్ వేయకముందే వాటిలో ఒత్తిడితో నీరు నింపి పరీక్షించమని అడగండి. నేలకు నీరు దిగకుండా పూత వేశాక, బయటికి పోయే రంధ్రం మూసి 24 గంటలు నీరు నిలబెట్టి, కింద, పక్కన తడి తేలిందేమో చూసుకోండి. ఈ రెండు పరీక్షలూ వదిలేసిన మేము కొత్త టైల్స్ పగలగొట్టించవలసి వచ్చింది.

తీగలపని:
గోడ చెక్కించినప్పుడే కరెంటు తీగలు కూడా మార్చించండి. పూత అయ్యాక మళ్లీ గాళ్లు కొట్టిస్తే ఆ పూత దండుగవుతుంది. అంత పాత ఇంట్లో చాలా ప్లగ్గులకు ఎర్తింగ్ ఉండకపోవచ్చు. తడిసే గది కనుక 30 మిల్లీఆంపియర్ల కరెంటు లీకైతే సరఫరాను వెంటనే నిలిపివేసే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చి తప్పనిసరిగా పెట్టించండి. ఇంకొక మాట: పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లలకు చాలా ప్రమాదం. తడిపి గీకించి, ఆ గది తలుపు మూసి ఉంచండి.

దూలం:
మధ్యగోడ విషయంలో తొందరపడవద్దు. గోడ 9 అంగుళాల మందం ఉంటే పైకప్పు బరువు మోస్తున్నదేమోనని అనుమానించాలి, 4.5 అంగుళాలే ఉన్నా పాత ఇళ్లలో దానిమీద వాసాలు ఆని ఉండవచ్చు. మేస్త్రీ మాటమీద కాక, స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూశాకే నిర్ణయించండి.

పాతగోడ:
అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. ప్లాస్టిక్ కాగితానికి గోడ వైపునే నీరు పట్టింది. కుళాయిలన్నీ కట్టేసినా మీటరు కదిలింది. గోడ తెరిస్తే నేలకు అడుగు ఎత్తున పైపు అతుకు కారుతూ కనిపించింది. పైపు మార్చి, సిమెంటు పూత పూర్తిగా చెక్కించాము. లోపలి ఇటుకలు గారసున్నంతో కట్టినవే. తీగల కోసం గాళ్లు ఇప్పుడే కొట్టిస్తున్నాము. ఇంజనీరు గారు మధ్యగోడ కప్పును మోస్తోందని చెప్పారు కనుక దానిని ముట్టుకోవడం లేదు. గోడ ఆరేదాకా రెండో గదిలోనే సర్దుకుంటున్నాము. ప్రతి పదిహేను రోజులకూ ప్లాస్టిక్ కాగితం మళ్లీ అంటించి, ఫలితం ఇక్కడే రాస్తాను.