పాత వ్యవసాయ పనిముట్ల సేకరణ చూడటానికి మళ్లీ వెళ్తున్నాను. ఏం గమనించాలి?

ప్రశ్న

ఒక పెద్దాయన తన పశువుల కొట్టాన్ని ఖాళీ చేసి, అందులో పాత పనిముట్లు దాచారు. ముందుగా ఫోను చేస్తే దగ్గరుండి చూపిస్తారు. పోయిన ఆదివారం రెండు గంటలు ఉన్నాను. నాగళ్లు, కాడులు, కొడవళ్లు, తిరగళ్లు, బండి చక్రాలు గోడ పొడవునా ఉన్నాయి. ఇంటికి వచ్చి చూసుకుంటే ఫోనులో 180 ఫోటోలు ఉన్నాయి గానీ, ఏది దేనికో చెప్పమంటే సగానికి నా దగ్గర జవాబు లేదు. మనసుకు కష్టంగా ఉంది. ఆయనకు ఎనభై దాటాయి. ఎక్కడా చీటీలు రాసిపెట్టలేదు.

ముఖ్యంగా ఒక వస్తువు గురించి అడగాలి. మనిషంత పొడవున్న మందపాటి బల్ల, ముందు భాగం పడవ మూతిలా పైకి వంగి ఉంది. తిరగేస్తే అడుగున వరుసలుగా గాట్లు, ప్రతి గాటులో ఒక రాతి పెంకు బిగించి ఉంది. కొన్ని పెంకుల అంచులు అద్దంలా మెరుస్తున్నాయి. ఎవరో విదేశం నుంచి తెచ్చి ఇచ్చారట. పేరు ఆయనకూ తెలియదు. ఇది ఏమిటి?

మొదటి జవాబు

అది నూర్పిడి బల్ల. కళ్లంలో పరిచిన పైరు మీద పెట్టి పశువులతో లాగిస్తారు. బరువు కోసం మనిషి దాని మీద ఎక్కి నిలబడతాడు. పెంకులు గింజను రాలుస్తాయి, గడ్డిని తుంపులు చేస్తాయి. రోమన్లు దీన్ని ట్రిబ్యులమ్ అన్నారు. స్పెయిన్, టర్కీలలో ఇరవయ్యో శతాబ్దంలోనూ వాడారు. స్పెయిన్‌లోని కాంటలేహో ఊరికి వీటి తయారీతోనే పేరు వచ్చింది.

ఆ మెరుపు ఎవరూ పాలిష్ పెట్టి తెచ్చింది కాదు. గడ్డి కాడల్లో సిలికా ఉంటుంది. పైరు మీద తిరిగి తిరిగి రాయి అలా నున్నబడుతుంది. వేల ఏళ్ల నాటి రాతి కొడవలి పెంకుల మీదా ఇలాంటి మెరుపే చూసి, అవి పైరు కోసినవని పురావస్తు శాస్త్రవేత్తలు పోల్చుకుంటారు. ఈసారి మెరవని పెంకులు ఎన్నో లెక్కపెట్టండి. అవి తర్వాత మార్చినవి కావచ్చు.

రెండో జవాబు

నేనూ ఇలాంటి చిన్న సేకరణ ఒకటి చూసుకుంటున్నాను. ఇనుము కంటే ముందు పిడి చూడండి. బొటనవేలు ఆనిన చోట గుంట పడి ఉంటుంది. విరిగిన చోట తీగ చుట్టారా, కొత్త చెక్క అతికారా అన్నది చూడండి. బండి చక్రం దగ్గర కాసేపు ఆగండి. ఇనుప పట్టాను చక్రం కంటే కొంచెం చిన్నదిగా చేసి, ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్లు పోస్తారు. చల్లారుతూ కుంచించుకుపోయి అది ఆకులన్నిటినీ (చక్రంలోని చెక్క కడ్డీలను) బిగించేస్తుంది. పట్టా రెండు కొసలు కలిపిన చోటు వెతకండి, సమ్మెట దెబ్బలు దొరకవచ్చు.

ఇక ఆయనను అడగడం గురించి. "దీన్ని ఎలా పట్టుకుంటారో చూపించండి" అనండి. పేరు మరిచిపోయినా చేతులు మరిచిపోవు. ఆయన ఒప్పుకుంటే మాటలు రికార్డు చేయండి.

మూడో జవాబు

చెక్క కింద మెత్తటి పిండి కొత్తగా రాలుతుంటే పురుగు ఇంకా లోపలే తింటోందని అనుమానించాలి. ఆ వస్తువును వెంటనే వేరుగా పెట్టమనండి. పిడులకు అవిసె నూనె పూస్తుంటే, ఆ గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయవద్దని తప్పకుండా చెప్పండి. వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. చెక్క కొట్టంలో అది చాలా ప్రమాదం.

అడిగినవారు

వెళ్లి వచ్చాను. అందరికీ కృతజ్ఞతలు. నూర్పిడి బల్లలో మెరవని పెంకులు 11, అన్నీ ముందు వరుసల్లోనే. గుడ్డల సంగతి చెప్పగానే ఆయన లేచి వెళ్లి, మూలనున్న మూటను బయటికి తెచ్చి, విప్పి ఎండలో పరిచారు.

తర్వాత ఒక కక్కు కొడవలి (అంచున రంపం లాంటి పళ్లున్నది) చేతికిచ్చి, పట్టుకుని చూపించమన్నాను. కుడి చేత్తో అందుకుని, ఒక్క క్షణం ఆగి, ఎడమ చేతికి మార్చుకున్నారు. "ఇది మా అమ్మది. ఆమెకు ఎడమచేతివాటం" అన్నారు. కక్కులు రెండో వైపున కొట్టించి ఉన్నాయి. కమ్మరి చేత ఆమె కోసమే చేయించారట. పోయిన వారం నేను తీసిన ఫోటోలో అది వరుసలో పద్నాలుగో కొడవలి, అంతే.

52 నిమిషాల రికార్డింగు ఉంది. కొడవళ్లే ఇంకా పూర్తికాలేదు. వచ్చే ఆదివారం మళ్లీ రమ్మన్నారు, చీటీలకు దారం, అట్టముక్కలు తెమ్మన్నారు.