సాగా టేబుల్‌లో ఉంది, టైమౌట్‌కి మాత్రం దొరకట్లేదు

సత్తుపల్లి_డెవ్:
ఫర్నిచర్ ఆర్డర్ల సిస్టమ్ ఒకటి ఈమధ్యే మా టీమ్ చేతికొచ్చింది. ఎన్‌సర్వీస్‌బస్ (మెసేజీలతో పని నడిపే డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్) పాత వెర్షన్ మీద నడుస్తోంది, డేటా ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో సేవ్ అవుతుంది. ఒక్కో ఆర్డర్ ఎంతవరకు వచ్చిందో గుర్తుపెట్టుకుని నడిపేది ఒక సాగా. కస్టమర్ డెలివరీ తేదీ చెప్పకపోతే 3 రోజులకు టైమౌట్ వచ్చి ఆర్డర్ రద్దవ్వాలి. కొన్నాళ్లుగా ఏదీ రద్దవ్వట్లేదు, అన్నీ పెండింగ్‌లోనే పడి ఉంటున్నాయి. లాగ్‌లో చూస్తే, టైమౌట్‌కి సాగా దొరకలేదు, అప్పటికే ముగిసింది కాబట్టి వదిలేస్తున్నాం అన్న అర్థంలో ఒక ఇన్ఫో లైను. టేబుల్‌లో మాత్రం రికార్డు నిక్షేపంగా ఉంది! పేమెంట్ మెసేజీలు కూడా దానికి చక్కగా చేరుతున్నాయి. మొదటి హ్యాండ్లర్‌లో (సాగాని మొదలుపెట్టే కమాండ్ మెసేజ్ రాగానే నడిచే కోడ్) ఉన్నవి రెండే పనులు: ముందు టైమౌట్ మెసేజ్ పెట్టే రిక్వెస్ట్‌టైమౌట్, దాని కింద ఆటోమ్యాపర్ లైబ్రరీతో మెసేజ్ వివరాలన్నీ సాగా డేటాలోకి కాపీ. ఎక్కడ చూడాలి?

పాతక్యూ:
మీ కమాండ్‌లో ఐడీ అనే GUID ప్రాపర్టీ ఉందేమో చూడండి. ఉంటే దొంగ దొరికినట్టే.

సాగా డేటాలో ఐడీ, ఒరిజినేటర్, ఒరిజినల్‌మెసేజ్‌ఐడీ అని మూడు ఉంటాయి. సెట్టర్లు పబ్లిక్‌గా కనిపిస్తాయి గానీ అవి మనవి కావు, ఫ్రేమ్‌వర్క్‌వి. ఆటోమ్యాపర్‌కి ఈ తేడా ఏం తెలుసు? పేరు కలిస్తే కాపీ చేసేస్తుంది.

రిక్వెస్ట్‌టైమౌట్ పిలిచినప్పుడే ఆ క్షణంలో ఉన్న సాగా ఐడీ టైమౌట్ మెసేజ్ హెడర్‌లోకి ఎక్కింది. తర్వాతి లైనులో మ్యాపర్ సాగా డేటాలోని ఐడీని మార్చేసింది, డేటాబేస్‌లో కొత్త ఐడీతో సేవ్ అయింది. మీది పాత వెర్షన్ కాబట్టి ఇది చప్పుడు లేకుండా జరిగింది, కొత్త వెర్షన్లలో ఐడీ మారితే ఫ్రేమ్‌వర్కే ఎర్రర్ ఇస్తుంది. 3 రోజులకు టైమౌట్ పాత ఐడీతో వెతుకుతుంది, ఆ ఐడీతో సాగా ఎక్కడా ఉండదు. పేమెంట్ మెసేజీలు ఆర్డర్ నంబర్‌తో వెతుక్కుంటాయి కాబట్టి వాటికి ఏ ఇబ్బందీ లేదు.

అన్నట్టు, ఆ టైమౌట్ ఎర్రర్ క్యూకి (విఫలమైన మెసేజీలు చేరే చోటు) వెళ్లకపోవడం ఫ్రేమ్‌వర్క్ తప్పు కాదు. పని ముగిశాక మిగిలిపోయిన టైమౌట్లు రావడం మామూలే.

సత్తుపల్లి_డెవ్:
ఉందన్నా, ఐడీ ఉంది. ఆ రెండు లైన్లూ అటూ ఇటూ మారిస్తే సరిపోతుందా?

పాతక్యూ:
టైమౌట్ వస్తుంది, రోగం అలాగే ఉంటుంది. రేపు డెలివరీ స్లాట్ మార్పు మెసేజ్‌కి సొంత ఐడీ ఉండి, అదీ మ్యాప్ అయిందనుకోండి. సేవ్ చేసేటప్పుడు అప్‌డేట్ క్వెరీ ఐడీనీ వెర్షన్‌నీ చూస్తుంది, ఒక్క రో కూడా తగలదు. కాంకరెన్సీ ఎర్రర్ (ఈలోగా ఇంకెవరో రికార్డు మార్చారన్న ఫిర్యాదు), రీట్రైలు, చివరికి ఎర్రర్ క్యూ. లాక్ సమస్య అనుకుని మీరు డేటాబేస్ వాళ్లతో గొడవ పడతారు. సాగా డేటా మీదకు మ్యాపర్‌ని రానివ్వకండి. పది ఫీల్డులు చేత్తో రాసుకుంటే పోయేదేం లేదు.

కాకినాడ_కోడర్:
మా దగ్గర దెబ్బతిన్నది ఒరిజినేటర్, అంటే సాగాని మొదలుపెట్టిన వాళ్ల క్యూ చిరునామా. ఆర్డర్ యాప్ నుంచి వచ్చిందా, షాపు నుంచా అని చెప్పడానికి మెసేజ్‌లో ఎవరో అదే పేరు పెట్టారు. ఆ చిరునామాకి జవాబు పంపే రిప్లైటుఒరిజినేటర్ పిలవగానే "మొబైల్‌యాప్" అనే క్యూకి జవాబు పంపబోయింది, అలాంటి క్యూనే లేదు. పేరును ఆర్డర్‌సోర్స్‌గా మార్చాం. సాగా అందుకునే మెసేజీల్లో ఈ మూడు పేర్లలో ఏదున్నా బిల్డ్ ఆగిపోయేలా రిఫ్లెక్షన్‌తో (కోడ్‌లోని ప్రాపర్టీ పేర్లను ప్రోగ్రామే చదవడం) చిన్న టెస్ట్ కూడా పెట్టాం. రివ్యూలో కళ్లు కప్పేవి అక్కడ దొరుకుతున్నాయి.

సత్తుపల్లి_డెవ్:
ఇప్పటికే ఇరుక్కున్న ఆర్డర్ల సంగతేంటి? టేబుల్‌లో ఐడీని పాతదానికి అప్‌డేట్ చేసేద్దామని మా మేనేజర్ అంటున్నారు.

పాతక్యూ:
ఆ పని మాత్రం చేయొద్దని చెప్పండి. గడువు దాటిన టైమౌట్లు ఎప్పుడో వచ్చి వెళ్లిపోయాయి, ఇప్పుడు ఐడీ మార్చినా తిరిగి రావు. ముందు మ్యాపర్ తీసేసిన కోడ్ డిప్లాయ్ చేయండి. తర్వాత ఆర్డర్ నంబర్‌తో సాగాని పట్టుకునే కొత్త కమాండ్ ఒకటి రాసి, ఇరుక్కున్న ప్రతి ఆర్డర్‌కీ పంపండి. గడువు దాటితే హ్యాండ్లర్ రద్దు చేస్తుంది, దాటకపోతే మిగిలిన సమయానికి కొత్త టైమౌట్ పెడుతుంది. ఈలోగా డెలివరీ తేదీ చెప్పినవాళ్లు ఉంటారు, రద్దు చేసే ముందు అది చూసుకోండి.