ద్విభాషా ఇంటర్నేషనల్ స్కూల్ అంటున్నారు, నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: పాపకు ఐదేళ్లు, ఉండేది హైదరాబాద్. ఒక ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్ అనే అంతర్జాతీయ బోర్డు) స్కూలు వాళ్లు తెలుగు, ఇంగ్లిష్ రెండిట్లోనూ చదువు చెప్తామంటున్నారు. ఫీజు కట్టేముందు ఏం అడగాలండీ?

జవాబు: బ్రోషర్ పక్కనపెట్టి టైమ్‌టేబుల్ అడగండి. వారానికి నాలుగు తెలుగు పీరియడ్లే ఉంటే అది ఒక సబ్జెక్టు, అంతే. లెక్కలో, పరిసరాల విజ్ఞానమో కొంతైనా తెలుగులో చెప్తేనే ద్విభాషా అన్న మాటకు అర్థం. తర్వాత మూడో తరగతి పిల్లల తెలుగు నోటుపుస్తకాలు నాలుగైదు చూపించమనండి. అన్నిట్లో ఒకే వాక్యాలు ఒకే వరసలో ఉంటే బోర్డు మీదివి ఎక్కించుకున్నవే. "తాత చెరువుకాడికి పోయిండు" అని, వత్తులు తప్పినా సరే, సొంతంగా రాసి ఉంటే అక్కడ భాష బతికున్నట్టే. నేనైతే అలాంటి స్కూలుకే ఓటేస్తాను.

జవాబు: ఐబీ వెబ్‌సైట్‌లో స్కూలు పేరు వెతకండి. స్కూలు వాళ్లు తమది "క్యాండిడేట్" స్కూలని చెప్తే ఇంకా గుర్తింపు రానట్టే. ఐబీ బైలింగ్వల్ డిప్లొమా (11, 12 అయ్యాక వచ్చే ద్విభాషా పట్టా) వేరే సంగతి: రెండు భాషల్ని "లాంగ్వేజ్ ఏ" (సాహిత్యంతో సహా చదివే) స్థాయిలో చదివి, రెండిట్లోనూ కనీసం 3 గ్రేడు తెచ్చుకోవడం అందుకు ఒక దారి. "లాంగ్వేజ్ బీ" (అదనపు భాషగా నేర్చుకునేది) ఇక్కడ లెక్కలోకి రాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు.

ప్రశ్న అడిగినవారు: మధ్యలో తెలుగు ఆపేస్తే?

జవాబు: తెలంగాణలో కుదరదండీ. 2018 చట్టం ప్రకారం ఏ బోర్డైనా 1 నుంచి 10 దాకా తెలుగు తప్పనిసరి. 11, 12లో ఏం చేస్తారో ఇప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి.