సర్వీసు రోడ్డు మధురవాడ రద్దీని తగ్గిస్తుందా, హనుమంతవాకకు మోసుకుపోతుందా?

ప్రశ్న
రాసినవారు: మధురవాడ నివాసి

మా కాలనీ సంక్షేమ సంఘం వారు వచ్చే నెల ఇవ్వబోయే వినతిపత్రం రాసే పని నాకు అప్పగించారు. కార్‌షెడ్ జంక్షన్ నుంచి మద్దిలపాలెం దాకా విశాఖపట్నం మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారికి రెండు వైపులా, పక్కనున్న ఇళ్లకూ దుకాణాలకూ దారి ఇచ్చే సర్వీసు రోడ్డు ఎక్కడా తెగకుండా వేయాలన్నది అందులోని కోరిక. తీరా రాయడానికి కూర్చున్నాక నాకే అనుమానం మొదలైంది కనుక ఇక్కడ అడుగుతున్నాను.

తొమ్మిదేళ్లుగా రోజూ స్కూటర్ మీద ఈ దారినే ఉద్యోగానికి వెళ్లి వస్తున్నాను. ఇప్పుడున్న సర్వీసు రోడ్డు ముక్కలు ముక్కలుగా ఉంది. మా వీధి చివర అది మొదలయ్యే చోట ఒక టిఫిను బండి, దాని పక్కన నాలుగు ఆటోలు, ఆ ఆటోల మధ్య నుంచి రాంగ్ రూటులో ఎదురొచ్చే మోటారు సైకిళ్లు ఉంటాయి. కొంత దూరం పోయాక గెడ్డ (వాగు) మీది కల్వర్టు దగ్గర ఆ రోడ్డు ఉన్నట్టుండి ఆగిపోతుంది. అక్కడ అందరమూ డివైడర్‌లో వదిలిన ఒకే ఒక్క సందులోంచి, వెనక వచ్చే లారీని మెడ తిప్పి చూసుకుంటూ, మెయిన్ రోడ్డు ఎక్కాలి. సరిగ్గా అదే సందులోంచి మెయిన్ రోడ్డు మీది వాహనాలు కాలనీ వైపు దిగుతుంటాయి. మొన్నామధ్య అక్కడే నా స్కూటర్ అద్దం ఒక కారు తలుపుకు రాసుకుని ఊడిపోయింది. తప్పు నాదో ఆయనదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సర్వీసు రోడ్డు తెగకుండా వేస్తే రద్దీ నిజంగా తగ్గుతుందా, లేక ఈ సందు దగ్గరి తోపులాటే పెద్దదై, దారిలో ముందున్న హనుమంతవాక సిగ్నల్ దగ్గర తేలుతుందా? హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డుకు పొడవునా సర్వీసు రోడ్లున్నాయి, అక్కడ సాఫీగానే నడుస్తోంది కదా అన్నది మా కార్యదర్శి గారి వాదన.

సమాధానం 1
రాసినవారు: విశ్రాంత రోడ్ల ఇంజినీరు

మీ కార్యదర్శి గారు చెప్పిన పోలిక దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే తేడా అంతా అక్కడే ఉంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డులో మెయిన్ రోడ్డు కంచె లోపల ఉంటుంది. సర్వీసు రోడ్డు మీద ఎంతసేపు తిరిగినా ఇంటర్‌ఛేంజ్ దగ్గర తప్ప పైకి ఎక్కలేరు. పైనున్న రోడ్డుకు సిగ్నళ్లు లేవు. అంటే అక్కడ సర్వీసు రోడ్డు ఊరి పనికి, పైరోడ్డు దూర ప్రయాణానికి అన్న విభజన గీత గీసినట్టు ఉంది. మధురవాడ నుంచి మద్దిలపాలెం దాకా ఉన్న రోడ్డు పేరుకే జాతీయ రహదారి. దానికి సిగ్నళ్లున్నాయి, బస్సు స్టాపులున్నాయి, రోడ్డు దాటే జనం ఉన్నారు. సర్వీసు రోడ్డు ప్రయోజనమంతా సిగ్నల్ లేని రోడ్డు పక్కనే నెరవేరుతుంది. సిగ్నల్ ఉన్న చోట అదే కొత్త చిక్కు తెచ్చిపెడుతుంది.

ఆ చిక్కు ఏమిటంటే, మనం ఎడమ పక్కన నడుపుతాం కనుక సర్వీసు రోడ్డు మెయిన్ రోడ్డుకు ఎడమన ఉంటుంది. జంక్షన్‌లో మెయిన్ రోడ్డు నుంచి ఎడమకు తిరగవలసిన బస్సు, సర్వీసు రోడ్డులో నేరుగా పోయే స్కూటర్ దారిని కోసుకుంటూ పోవాలి. సర్వీసు రోడ్డు నుంచి కుడికి తిరగవలసిన ఆటో, మెయిన్ రోడ్డు మీద నేరుగా పోయే వరుసలన్నిటికీ అడ్డం పడాలి. ఈ రెంటినీ విడదీయాలంటే సర్వీసు రోడ్డుకు విడిగా పచ్చలైటు ఇవ్వాలి, అలా ఇచ్చిన ప్రతి సెకనూ మిగిలిన దిక్కుల వాటాలోంచి కోసి ఇచ్చినదే అవుతుంది. ఇవ్వకపోతే ఏమవుతుందో మీరు రోజూ చూస్తూనే ఉన్నారు.

మీరు చెప్పిన సందు విషయం ఇంకా ముఖ్యమైనది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకే సందు వాడుకోవడం మన దగ్గర మామూలైపోయింది, కానీ ఎక్కే నోరు, దిగే నోరు వేరువేరుగా ఉండాలి, వాటి వరుస కూడా చూసుకోవాలి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఈ వరుస రెండు రకాలుగా ఉంటుంది. రెండు జంక్షన్ల మధ్య ముందు ఎక్కే దారి, తరువాత దిగే దారి పెడితే, ఎక్కినవాళ్లు కుదురుకోకముందే దిగేవాళ్లు వాళ్లను దాటుకుని పక్కకు రావాలి, ఆ కలగాపులగం వేగంగా పోయే మెయిన్ రోడ్డు మీద జరుగుతుంది. వరుస తిరగేసి ముందు దిగే దారి, తరువాత ఎక్కే దారి పెడితే అదే కలగాపులగం నెమ్మదిగా నడిచే సర్వీసు రోడ్డు మీదికి మారుతుంది. రద్దీ మాయం కాదు, ప్రాణాపాయం తక్కువైన చోటికి జరుగుతుంది. వినతిపత్రంలో ఏదైనా ఒక్క మాటే రాయాలంటే కిలోమీటర్ల లెక్క వదిలేసి, ఆ సందును రెండుగా విడదీయమని రాయండి.

సమాధానం 2
రాసినవారు: గాజువాక వ్యాపారి

ఇంజినీరు గారి మాటలు సబబుగానే ఉన్నాయి, అయితే దుకాణం వైపు నుంచి కూడా ఒకటి చెప్పనివ్వండి. సర్వీసు రోడ్డు లేకపోతే సరుకు దించే వ్యాను మెయిన్ రోడ్డు మీదే ఆగుతుంది, దాని వెనక సిటీ బస్సు ఆగుతుంది, ఇక చెప్పేదేముంది. రోడ్డు వేశాక మేము చేసిన పనీ దాచను: ముందు మెట్లు కట్టాం, తరువాత బోర్డు పెట్టాం, ఆ తరువాత ఖాతాదారుల బండ్లు నిలిపాం, చివరికి అది పార్కింగు స్థలమైంది. రోడ్డుతో పాటు బండ్లు నిలిపే చోటు కూడా గీసి ఇవ్వకపోతే మీ దగ్గరా ఇదే జరుగుతుంది. మా వీధి మట్టుకు చూస్తే, నిలిపిన వాహనాలు తీసేసిన రోజుల్లో సర్వీసు రోడ్డు చక్కగా నడుస్తుంది. అలాంటివి ఏడాదికి నాలుగైదు రోజులు, ఎవరో పెద్దలు వచ్చినప్పుడు.

సమాధానం 3
రాసినవారు: సీతమ్మధార, పూర్వం హ్యూస్టన్

టెక్సాస్ మాట వచ్చింది కనుక చెబుతున్నాను. పదకొండేళ్లు అక్కడే కారు నడిపాను. అక్కడి ఫ్రీవేల, అంటే సిగ్నళ్లు లేని వేగ రహదారుల, పక్కన సర్వీసు రోడ్లు అంత విరివిగా ఉండటానికి రద్దీ ఒక్కటే కారణం కాదు. ఫ్రీవే వల్ల పక్క భూమికి దారి మూసుకుపోతే యజమానికి పరిహారం కట్టాలి. దాని బదులు పక్కనే ఒక రోడ్డు వేసి ఇస్తే చవక. ఆ రోడ్డు వెంట పెట్రోలు బంకులు, హోటళ్లు, పెద్ద దుకాణాలు బారులు తీరాయి, వాటికి వచ్చే వాహనాలే ఫ్రీవే మీదికీ చేరాయి. 2002లో ఆ రాష్ట్ర రవాణా శాఖ కొత్త ఫ్రీవేలకు ఇకమీదట సర్వీసు రోడ్లు మానేద్దామని ప్రతిపాదించి, వ్యతిరేకత చూసి అదే ఏడాది వెనక్కి తీసుకుంది.

హ్యూస్టన్ కేటీ ఫ్రీవే వెడల్పు పనులు 2008లో పూర్తయ్యాయి. సర్వీసు రోడ్లతో కలిపి లెక్కిస్తే కొన్ని చోట్ల 26 వరుసలు. 2011కూ 2014కూ మధ్య సాయంత్రం రద్దీ వేళ ప్రయాణ సమయం సగానికి పైగా పెరిగింది. డ్యురాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా నగరాల గురించి 2011లో ప్రచురించిన పరిశోధనలో, రోడ్డు ఎంత నిష్పత్తిలో పెరిగితే వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే పెరుగుతుందని తేల్చారు. ఈ లెక్కను విశాఖకు ఉన్నదున్నట్టుగా అంటగట్టను, మన దగ్గర సగం జనం ద్విచక్ర వాహనాల మీదా బస్సుల్లోనూ తిరుగుతారు.

కానీ మన ఊరి నేల సంగతి మరిచిపోకూడదు. ఎండాడకూ హనుమంతవాకకూ మధ్య ఒక పక్క కంబాలకొండ అడవి, ఇంకో పక్క కైలాసగిరి కొండ. బీచ్ రోడ్డు ఆ కొండకు అవతల ఉంది. సింహాచలం, ఆరిలోవ మీదుగా వచ్చే బీఆర్‌టీఎస్ రోడ్డు (సిటీ బస్సులకు విడిగా వరుసలు ఉంచి వేసినది) కూడా చివరికి హనుమంతవాకకే చేరుతుంది. ఇక్కడ పక్క వీధి అన్నదే లేదు. ఇంత ఇరుకు చోట సర్వీసు రోడ్డు వేస్తే ఏ దుకాణానికి, ఏ ఇంటికి దారి ఇస్తుంది, జంతు ప్రదర్శనశాల గోడకా? ఇళ్లు ఉన్న చోట్ల అడగండి, అడవి పక్కన అడగకండి.

సమాధానం 4
రాసినవారు: విశ్రాంత రోడ్ల ఇంజినీరు

పై మిత్రులు చెప్పినదానికి ఒక్కటి చేరుస్తాను. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లికి సుమారు 50 కిలోమీటర్ల ఆరు వరుసల రోడ్డు వచ్చాక, శ్రీకాకుళం నుంచి విజయవాడ పోయే లారీకి ఊళ్లోకి రావలసిన పని తప్పింది. కాబట్టి మధురవాడ రోడ్డు మీద ఇప్పుడు మిగిలినవాళ్లలో ఎక్కువ భాగం మీలాంటివారే. దూర ప్రయాణాన్ని స్థానిక ప్రయాణం నుంచి విడదీయడానికి పుట్టిన సాధనం, విడదీయడానికి పెద్దగా ఏమీ మిగలని చోట ఎంత ఉపకరిస్తుంది? ఒక కాలనీ నుంచి పక్క కాలనీకి వెళ్లడానికి మీరు రహదారి ఎక్కవలసి వస్తోందా అన్నది ముందు చూసుకోండి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంజినీరు గారి చివరి మాట పట్టుకుని ఆదివారం ఉదయం కాలనీ వెనక్కి నడిచి వెళ్లాను. మా లేఅవుట్ చివరి ముప్పై అడుగుల రోడ్డు, పక్క లేఅవుట్ చివరి ముప్పై అడుగుల రోడ్డు ఎదురెదురుగా వచ్చి ఒక గోడ దగ్గర ఆగిపోయాయి. గోడకు మోకాలి ఎత్తున కంత ఉంది, అటు రెండు, ఇటు రెండు ఇటుకలు మెట్లుగా పేర్చి ఉన్నాయి. నేను చూస్తుండగానే ఒకావిడ పాల ప్యాకెట్లతో ఇటు దిగారు. అదే ఇంటికి నేను స్కూటర్ మీద పోవాలంటే రహదారి ఎక్కి, యూ టర్న్ దాకా పోయి, వెనక్కి రావాలి, ఆ సందు గుండానే.

వినతిపత్రంలో మొదటి కోరికగా ఆ గోడ తీసి రెండు వీధులూ కలపమని, రెండోదిగా కల్వర్టు దగ్గరి సందును ఎక్కేందుకొకటి, దిగేందుకొకటిగా విడదీయమని రాశాను. గోడ మాట వినగానే సంఘంలోనే ఇద్దరు అభ్యంతరం చెప్పారు, పరాయి బండ్లు మా వీధిలోకి వస్తాయట. గోడకు అటువైపు స్థలం ఎవరి పేరున ఉందో తెలుసుకోవాలంటే మహా విశాఖ నగరపాలక సంస్థ పట్టణ ప్రణాళిక విభాగంలో లేఅవుట్ ప్లాను నకలుకు దరఖాస్తు పెడితే సరిపోతుందా, ఇంకేమైనా జత చేయాలా?