గళ్ళు ఒకవైపు, పారే రంగులు ఒకవైపు: ఇలాంటి చిత్రాన్ని ఎలా చూడాలి?

ప్రశ్న (అడయార్, చెన్నై)
ఈమధ్య ఇక్కడి ప్రదర్శనలో ఒక పెద్ద అక్రిలిక్ చిత్రం చూశాను. ఎడమ సగమంతా కొలిచి గీసిన గళ్ళు, సమీకరణాలు. కుడి సగంలో ఒంపి వదిలేసిన రంగులు నాచులా పాకి ఉన్నాయి. మొదటిది విజ్ఞానం, క్రమం అనీ, రెండోది ప్రకృతి, అవ్యవస్థ అనీ పక్కన రాసిపెట్టారు. చిత్రం నన్ను కట్టిపడేసింది గానీ ఈ విభజన మనసుకు ఎక్కలేదు. తెలిసినవారు వివరించగలరా?

రంగుల పని చేసే ఒక సభ్యురాలు
మీ సందేహం సరైనదే, ఎందుకంటే ఒంపిన రంగు కూడా నియమం తప్పి పారదు. మెక్సికో చిత్రకారుడు సికీరోస్ 1930లలో ఒక రంగు మీద మరొకటి పోసి, అవి వాటంతటవే నమూనాలు కట్టేలా చేశాడు. బరువైన రంగు తేలికైన దాని పైన ఉన్నప్పుడు పుట్టే అస్థిరతే ఇందుకు కారణమని 2015లో మెక్సికో పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. టైటానియం తెలుపును నలుపు మీద పోస్తే, తెలుపు దిగుతూ నలుపు పైకి లేస్తూ, చూస్తుండగానే మచ్చలు విచ్చుకుంటాయి. తెలుపు మీద నలుపు పోస్తే అలా జరగదు. కాబట్టి ఆ కుడి సగంలోనూ భౌతికశాస్త్రం ఉంది.

తాంబరం నుంచి మరొకరు
ఎడమ సగం గురించి కూడా ఆలోచించాలి. మద్రాస్ చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ 1963లో మొదలుపెట్టిన 'పదాలు, సంకేతాలు' చిత్రాల్లో అంకెలు, బీజగణితం, జాతకచక్రాల గళ్ళు, లిపి కనిపిస్తాయి గానీ ఆ సూత్రాలు దేన్నీ నిరూపించవు. చేతిరాత వణుకుతో అవి ప్రాణమున్న గీతలవుతాయి. ఆయన చొరవతో 1966లో ఏర్పడిన చోళమండలం అనే కళాకారుల గ్రామం మీకు దగ్గరే, తప్పక వెళ్ళండి. మన చుక్కల ముగ్గు లాంటి కోలంలోనూ చుక్కలు కదలవు, మెలిక మాత్రం వాటి చుట్టూ తిరుగుతుంది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరొమొని, ఆయన సహచరులు 1970లలో ఆ మెలికలకు గణిత వ్యాకరణమే, అంటే అవి ఎలా అల్లుకుంటాయో చెప్పే నియమాలే రాశారు.

ఇంకొక సభ్యుడు
పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూనే ఒక్క హెచ్చరిక చేస్తాను. అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొలాక్ చిలకరించిన రంగుల్లో ఫ్రాక్టల్ క్రమం (చిన్న భాగంలోనూ పెద్ద భాగంలోనూ ఒకేలాంటి ఆకృతి మళ్ళీ మళ్ళీ కనిపించడం) ఉందని 1999లో ఒక భౌతిక శాస్త్రజ్ఞుడి బృందం ప్రకటిస్తే, పిచ్చిగీతల్లోనూ అవే లక్షణాలు దొరుకుతాయని 2006లో మరో ఇద్దరు వాదించారు. క్రమం దొరికినంత మాత్రాన చిత్రం గొప్పదైపోదు. మళ్ళీ వెళ్ళినప్పుడు రెండు సగాలూ కలిసే అంచు దగ్గర నిలబడి చూడండి: టేపు అంటించి రంగును కచ్చితంగా ఆపేశారా, లేక గళ్ళలోకి చొరబడనిచ్చారా? పక్కన రాసిన మాటల కంటే చిత్రకారుడి ఉద్దేశం అక్కడే బాగా తెలుస్తుంది.