హెచ్‌డీఆర్‌కి ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు?

హెచ్‌డీఆర్ (వేర్వేరు వెలుతురుతో తీసిన ఫోటోలు కలిపి ఒకటి చెయ్యడం) కోసం కిటికీ ఉన్న గదిని ట్రైపాడ్ మీద -2, 0, +2 (చీకటిగా, మామూలుగా, వెలుతురుగా) మూడు ఎక్స్‌పోజర్లు తీశానండి, అన్నీ రా (కెమెరా ప్రాసెస్ చెయ్యని) ఫైల్సే. కలిపాక కిటికీ ఫ్రేమ్ చుట్టూ తెల్లటి గీత వస్తోంది, బయట చెట్టు ఆకులు రెండేసి కనబడుతున్నాయి. సాఫ్ట్‌వేర్ మార్చాలా? ఫ్రీది ఉంటే ఇంకా మంచిది.

జవాబు 1:
ఆ గీతని హేలో అంటారండి, టోన్ మ్యాపింగ్ (కలిపిన ఫోటోలో వెలుగునీడల తేడాని స్క్రీన్‌కి సరిపడా కుదించడం) మరీ గట్టిగా పెడితే వస్తుంది, ముందు స్ట్రెంగ్త్ తగ్గించి చూడండి. ఆకుల సంగతి వేరు, షాట్‌కీ షాట్‌కీ మధ్య గాలికి కదిలాయి, డీఘోస్ట్ (కదిలినవి రెండేసి కనబడకుండా చేసేది) ఆన్ చెయ్యాలి. నేను లైట్‌రూమ్‌లోనే కలుపుతా, డీఎన్‌జీ (రా లాంటి ఫైల్) ఇస్తుంది కాబట్టి వైట్ బ్యాలెన్స్ తర్వాత కూడా మార్చుకోవచ్చు, రంగులు సహజంగా ఉంటాయి, కాకపోతే సబ్‌స్క్రిప్షన్ కట్టాలి.

జవాబు 2:
ఫ్రీ అంటే లూమినెన్స్ హెచ్‌డీఆర్, ఓపెన్ సోర్స్, లినక్స్‌లో కూడా నడుస్తుంది. అందులోని టోన్ మ్యాపింగ్ పద్ధతుల్లో మాంట్యుక్ పెడితే డీటెయిల్ బాగా లేస్తుంది గానీ గోడలు మసిపట్టినట్టు అయిపోతాయి, రైన్‌హార్డ్‌తో మొదలెట్టండి.

జవాబు 3:
ఫోటోమాటిక్స్ ట్రయల్ కూడా చూడండి, వాటర్‌మార్క్ పడుతుంది అంతే. అందులో ఫ్యూజన్ మోడ్ (టోన్ మ్యాపింగ్ లేకుండా ఫోటోలని నేరుగా కలిపేది) గది ఫోటోలకి నాకు చాలా నచ్చింది.

అడిగినవారు:
స్ట్రెంగ్త్ సగానికి దించితే గీత పోయిందండి, చాలా థాంక్స్! ఆకులకి డీఘోస్ట్ పెట్టి చూస్తా.