సీ లయన్ నిజంగా జరిగి ఉంటే?

కొండముచ్చు: 1940 సెప్టెంబరులో హిట్లర్ బ్రిటన్ మీద 'సీ లయన్' అనే దండయాత్ర ప్లాన్‌ను వాయిదా వేశాడు కదా, ఒకవేళ ఆకాశంలో జర్మన్లే గెలిచి ఉంటే లండన్ పడిపోయేదా? నాకైతే పడేదనే అనిపిస్తుంది.

పాతమ్యాపు: విమానాలు ఒక్కటే సరిపోవండీ. సైన్యాన్ని దాటించడానికి వాళ్లు పోగేసినవి నదుల్లో సరుకు మోసే బార్జీలు, చాలావాటికి సొంత ఇంజనే లేదు, టగ్ బోట్లు లాగాలి, ఇంగ్లిష్ ఛానల్ కొంచెం పొంగినా అంతే సంగతులు. పైగా ఏప్రిల్‌లో నార్వేలోని నార్విక్ రేవు దగ్గరే 10 డిస్ట్రాయర్లు (యుద్ధనౌకలు) పోగొట్టుకున్నారు. రాత్రిపూట బ్రిటిష్ నౌకలు వచ్చి పడితే ఆపేదెవరు? 1974లో బ్రిటన్ సైనిక అకాడమీ శాండ్‌హర్స్ట్‌లో దీన్ని వార్‌గేమ్‌గా, అంటే ఉత్తుత్తి యుద్ధంగా ఆడి చూశారు, జర్మన్లు ఒడ్డుకైతే చేరారు కానీ వెనక నుంచి సరఫరా తెగిపోయి ఓడిపోయారు.

కొండముచ్చు: ఓహో, దిగడం కంటే దిగాక బతకడం కష్టమన్నమాట.

రాత్రిబండి: నా దృష్టిలో దీనికంటే జపాన్ సంగతే భయంకరం బ్రో. 1945 నవంబరు 1న జపాన్ దక్షిణ దీవి క్యుషు మీద దిగాలని అమెరికా ప్లాన్, పేరు ఒలింపిక్. ఎక్కడ దిగుతారో జపాన్ వాళ్లు ముందే ఊహించి అక్కడికి బలగాలు తోలేశారు. ఆగస్టులో లొంగిపోయారు కాబట్టి సరిపోయింది, లేకపోతే రెండువైపులా శవాల గుట్టలే. దానికితోడు అక్టోబరులో ఈ దాడికి స్థావరం కావాల్సిన ఒకినావా దీవిని పెద్ద తుఫాను కొట్టి బోలెడు ఓడలు పాడైపోయాయి, కాబట్టి తేదీ కూడా వెనక్కి జరిగేదేమో.

పాతమ్యాపు: స్టాలిన్ జపాన్ ఉత్తర దీవి హొక్కైడోలో సగం అడిగిన సంగతి మర్చిపోయారు. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కుదరదన్నాడు. ఒప్పుకుని ఉంటే జర్మనీలాగే జపాన్ కూడా రెండు ముక్కలయ్యేదని నా అనుమానం.